నా పొట్టేలుకు దొరికిన వేషం

సినిమాకు నా పొట్టేలు కావాలని మా అంగడికి వచ్చి చెప్పినవాడు పూతలపట్టు సంతలో గొర్రెల బేరాలు కుదిర్చే దళారి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. మద్రాసు నుంచి ఒక కంపెనీ వచ్చి తిరుచానూరు పక్క మామిడితోపులో దిగింది. అక్కడ ఊరి జాతర తీస్తున్నారట.

"మంచి కొమ్ములుండే పొట్టేలు కావల్లంట అప్పా. గుంపులో నిలబడేదానికి మనుషులూ కావల్లంట. నువ్వూ రా, దినానికి రూపాయి ఇస్తారు," అన్నాడు.

చిత్తూరులో మా బెల్లం మండీ గడపకు అడ్డంగా పడుకునే ఆ పొట్టేలును దాటకుండా ఎవరూ సరుకు కొనేవాళ్ళు కాదు. కంబళ్ళు కొన్నప్పుడు కొసరు కింద నేను అడిగి తెచ్చుకున్న తల్లిలేని పిల్ల అది. సీసాతో పాలు పట్టి పెంచాను. రుచి చూసి పక్కన పెట్టిన బెల్లం ముక్కలన్నీ దానివే. "దీనికి మేపిన బెల్లం అమ్మింటే ఇంకొక అంగడి పెట్టింటాం గదరా," అని నాయన రోజూ అనేవాడు.

దళారి భుజం మీది తుండుగుడ్డ తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. సంతలో బేరం నోటితో జరగదు. పక్కవాళ్ళకు తెలియకుండా గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. నేను పదిహేనుకు పట్టాను. అతను పన్నెండుకు నొక్కాడు. పొట్టేలుకు పన్నెండు రూపాయల బాడుగ! నేను ఐదుకైనా దిగేవాణ్ణి. ఎదుటివాడు అంత సులువుగా ఒప్పుకుంటే అనుమానించాలని అంగడిలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? కానీ ఆ పూట నా తెలివికి నేనే ముచ్చటపడుతూ నోట్లు జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు తెల్లవారగానే, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు ఎక్కాం. పొట్టేలుకు అర టికెట్టు చాలని వాదించాను. "కొమ్ములుండేదానికి అర టికెట్టు యాడిదప్పా?" అని కండక్టరు నవ్వాడు గానీ, చివరికి అరకే ఒప్పుకున్నాడు.

తోపులో నాకు మొహానికి రంగు పూసి తలపాగా చుట్టారు. పొట్టేలుకు వేపాకు మాల వేసి, కొమ్ములకు పసుపు రాశారు. నాకంటే దాని అలంకారమే ఘనంగా ఉంది. డైరెక్టరు మమ్మల్ని గుంపు ముందు నిలబెట్టి, తాడు నా చేతికే ఇచ్చి, కెమెరా వైపు చూడొద్దన్నాడు. ఆ మాటే నేను పొట్టేలు చెవిలోనూ చెప్పాను.

అప్పుడు నా పక్కన ఒక పెద్దాయన కూర్చుని రాయి మీద కత్తి నూరడం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, అది అట్ట కత్తే గదా?" అన్నాను.

"అట్ట కత్తికి యాడన్నా తల తెగుతాదా నాయనా?" అన్నాడాయన, పాపం, జాలిగానే.

తెరిచిన నోరు మూసుకోవడం మర్చిపోయాను. తాడు లాగుతూనే చెట్టు కింద ఉన్న దళారి దగ్గరికి పరుగెత్తాను.

"ఏందప్పా ఇది? నేను బాడుగకు గదా ఇచ్చింది!"

"బాడుగా?" అతను నాకంటే ఎక్కువ అదిరిపడ్డాడు. "గొర్రెను బాడుగకిచ్చేవాణ్ణి నా జన్మలో సూళ్ళేదు. గుడ్డ కింద పన్నెండు పట్టుకున్నేది నువ్వు గాదా?"

నేనే. గుడ్డ కింద ధర తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. సంతలో అక్కడ చెయ్యి కలిసిందంటే అమ్మేసినట్టే. దాన్ని నా చేత్తోనే కోతకు అమ్మేసి, ఆ తాడు పట్టుకునేందుకు రూపాయి కూలికి కుదిరాను.

మమ్మల్ని మళ్ళీ ముందుకు తోశారు. ఎవరో పసుపునీళ్ళ చెంబు తెచ్చారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. వీపు మీద నీళ్ళు పోస్తే జీవం ఒళ్ళు విదిలించాలి, అప్పుడే అది ఒప్పుకున్నట్టు. అంతవరకు కత్తి వెయ్యరు. చల్లనీళ్ళు పడితే ఏ పొట్టేలైనా విదిలిస్తుంది. నాది మాత్రం రోజూ బావి దగ్గర నాతోపాటు నీళ్ళు పోయించుకునేది. మొదటి చెంబు పడగానే కదలకుండా రెండోదాని కోసం నిలబడింది. మూడో చెంబుకు సుఖంగా కళ్ళు మూసుకుంది.

పెద్దాయన కత్తి కింద పెట్టాడు. "ఒప్పుకోలేదు సామీ. నేను ముట్టను."

"ఇది సినిమా అయ్యా, నిజం జాతర కాదు!" అని డైరెక్టరు అరిచాడు.

"పొట్టేలుకు ఆ సంగతి తెల్దు గదా సామీ."

దళారి నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "అది నీ మాట వింటాది గదప్పా. విదిలించేట్టు సెయ్యి. ఇంకో ఐదిప్పిస్తా."

చెవి వెనక గోటితో ఒక్కసారి గీరితే అది తోకదాకా విదిలిస్తుంది. అది నాకొక్కడికే తెలుసు. ఐదు అని వినగానే నా నాలుక చివరికి 'ఏడు' అన్న మాట వచ్చేసింది. దేవుడా, ఆ క్షణాన కత్తి కంటే నా నోటికే ఎక్కువ భయపడ్డాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడిపోయాను.

ఎండ చెట్ల వెనక్కి జారింది. డైరెక్టరు విసిగి, గుంపు మొహాలు మాత్రం తీసుకుని, తాడు పట్టుకున్నవాడు నోరు తెరవడం బాగా చేశాడని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఊపిరి పీల్చుకునేలోపే కంపెనీ వంటవాడు వచ్చాడు. "పొట్టేలును వంటకే పంపుతున్నారా?" అని దళారిని అడిగాడు. అది ఒప్పుకుందా లేదా అన్నది వంటవాడికి అక్కర్లేదు.

"నాకే అమ్ము," అన్నాను దళారితో. అతను తుండుగుడ్డ తీశాడు. "గుడ్డ వద్దు. నోటితో చెప్పు."

"వీళ్ళకు ఇంకొకటి తెచ్చియ్యల్ల గదప్పా... పద్దెనిమిది."

అతను ఇచ్చిన పన్నెండుకు, తిరుపతిలో గోనెసంచులు కొనమని నాయన ఇచ్చినదాంట్లో ఆరు కలిపి చేతిలో పెట్టాను. అతను నోట్లు తిరగేసి మరగేసి చూసి, నా మొహం చూశాడు.

"ఇదేందప్పా, పదహారని అనవా? పదిహేడన్నా అనవా?"

తాడు చేతికి చుట్టుకుని రోడ్డు వైపు నడిచాను. వెనకాలే అతని చెప్పుల చప్పుడు వచ్చింది.

"రెండు రూపాయలు ఎనక్కి తీసుకో అప్పా. బేరం ఆడకుండా ఇట్ల కొంటే నాకు బాగుండదు."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే మూడు అడుగుతానని నాకు తెలుసు.