వీరేశం కొట్టిన గుమ్మడికాయ

న్యూజిలాండ్‌లోని మనురేవాలో మనవాళ్లకు చింతపండు కావాలన్నా, ఊళ్లో కబురు కావాలన్నా వీరేశం దుకాణమే. బేరం కన్నా కబుర్లే ఎక్కువ ఆయన దగ్గర. అంత వాగుడుకాయా 2014 చలికాలంలో మూగబోయాడండీ!

ఒక అమావాస్యనాడు దుకాణానికి దిష్టి తీసి, కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయను గుమ్మం ముందే పగలగొట్టాడు. భార్య గిరిజ చీపురు తెచ్చింది.

"ముట్టకు! మన దిష్టి మనమే ఎత్తుకుంటమా?" అని కసిరాడు.

కాసేపటికి వాన మొదలైంది. పప్పు కోసం వచ్చిన భాగ్యమ్మ ఆ ముక్కల మీద కాలేసి జారిపడింది. తుంటి ఎముక విరిగింది.

ఆమె కొడుకు రాఘవ్ ఆస్పత్రి నుంచే ఫోన్ చేశాడు. "కోర్టుకు ఈడుస్త, అంకుల్. మీ షాపు మిగలదు."

విచిత్రం, వీరేశానికి ఊపిరాడినట్టయింది. శిక్ష పడితే పీడ వదులుతుందనుకున్నాడు. నోటీసు కోసం ఎదురుచూశాడు. నోటీసుకు బదులు రాఘవే వచ్చాడు.

"లాయర్‌ని కలిసిన. ఈ దేశంల దెబ్బ తగిలితే ఖర్చులు ఏసీసీ అనే సర్కారు బీమా పెట్టుకుంటదంట. నష్టపరిహారం కోసం మీ మీద దావా నడువదంట. బతికిపోయిన్రు."

బతికిపోవడమా! గుమ్మంలో ఎవరి అడుగు పడినా ఆయనకు ఫట్‌మని చప్పుడు వినిపించేది. అది కాయదో, ఎముకదో తెలిసేది కాదు.

చివరికి భాగ్యమ్మ దగ్గరికే వెళ్లాడు. ఆమె వాకర్ పట్టుకుని నిలబడింది.

"కేసు సంగతి విడువురా. నీ దుకాణం దిష్టి నేను తొక్కిన. అది నన్ను వదుల్తలేదు. నువ్వే తీసెయ్యి, బిడ్డా."

ఆమె వంటింట్లో ఉప్పు గుప్పెట్లోకి తీసుకుని, ఆమె చుట్టూ తిప్పాడు. దాన్ని మూడు దారులు కలిసే మొగలో పారెయ్యాలి. అలాంటి చోట కారు ఆపాడు. ఒక తల్లి పసిపిల్లను తోపుడుబండిలో తోసుకుంటూ వస్తోంది. ఇంకో మలుపులో చేతికర్రతో ఒక ముసలాయన. ఎక్కడ పోసినా ఎవరో ఒకరు తొక్కుతారు.

గుప్పెడు ఉప్పుతోనే దుకాణానికి తిరిగొచ్చాడు.

"ఇంకా పారెయ్యలేదా?" అంది గిరిజ భయంగా.

గుమ్మం ముందు పోసి, చెప్పులు విడిచి, రెండు కాళ్లతో తొక్కాడు. తర్వాత చీపురు తనే అందుకున్నాడు.

భాగ్యమ్మ వాకర్ వదిలేసి నడుస్తోందిప్పుడు. వీరేశం మాత్రం చినుకు పడితే చాలు, గోడ పట్టుకుని గుమ్మం దాటుతాడు.