మా అరుగు మీది అన్నం

మొన్న మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకు కాలేజీ పిల్లలిద్దరు వచ్చి, ఆకలి లేని ఊరి గురించి తాము పెడుతున్న సభలో నాలుగు మాటలు చెప్పమన్నారు. ఓపిక లేదర్రా అని పంపేశాను. అబద్ధం కాదు, మోకాళ్లు మాట వినడం మానేసి చాలా కాలమైంది. కానీ ఆ సంగతులు చెప్పాలంటే మోకాళ్ల కన్నా ముందు మనసు మొరాయిస్తుంది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, డెబ్భైల్లో వేసవికి కాలవల్లో నీళ్లు ఆపేశాక మన వైపు కూలి ఇళ్ల పరిస్థితి. దాళ్వాకు, అంటే రెండో పంటకు, కూలిగా వచ్చిన గింజలు నిండుకునేవి, మళ్లీ నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యేదాకా పని ఉండేది కాదు. తణుకు పక్కన మా ఊళ్లో అలాంటి ఒక వేసవిలో, కొత్త కోడలిగా ఉత్సాహం కాస్త ఎక్కువే ఉన్న నేను, మహిళా మండలి పేరుతో ఇల్లిల్లూ తిరిగి, ఎసట్లో పోసే బియ్యంలోంచి రోజూ గుప్పెడు తీసి పక్కన పెట్టమని అందరినీ ఒప్పించాను. గుప్పెడంటే నా గుప్పెడా, మా ఆయన గుప్పెడా అని అడిగిన మహాతల్లి కూడా ఉంది. షావుకారు గారి భార్య కందిపప్పు ఇచ్చారు, మా అత్తగారు అటక మీది పెద్ద గుండిగ దింపించారు, మామగారైతే మా వీధి అరుగు మీదే వడ్డించుకోమన్నారు. ఆయన మంచితనానికి పొంగిపోయాను.

కూలి ఇళ్లవాళ్ల కోసం మూడు రోజులు వండాం. ముసలివాళ్లు నలుగురైదుగురు తప్ప ఎవరూ రాలేదు. మిగిలిన అన్నం గేదెల కుడితిలో కలిసింది. వీళ్లకు ఆకలే లేదని అత్తగారు తేల్చేశారు. మా చేలో నాట్లు వేసే ఒకావిడ, చంటిబిడ్డ తల్లి, పాలు పడక బిడ్డకు గంజినీళ్లు పడుతోందని నాకు తెలుసు. ఉండబట్టలేక వాళ్ల పేటకు వెళ్లి, బిడ్డ మొహమైనా చూడవా అని ఆమెను కసిరాను. ఆవిడ బిడ్డను భుజం మార్చుకుని నెమ్మదిగా చెప్పింది.

"మీ అరుగు మీద తింటే ముందు మీ చేలోకే రావాలి కదండీ, మీరిచ్చిన కూలికే. ఈ ఏడు కూలి పెంచమని అందరం అడుగుదామనుకున్నామండి. తిన్న నోటితో ఎలా అడుగుతామండి?"

రైతు ఇంట తిన్నవాళ్లు ఆ రైతుకు మాట ఇచ్చినట్టేనని ఊళ్లో ఎప్పటినుంచో ఆనవాయితీ అట. మామగారికి తెలియనిది కాదు. నాకే తెలియలేదు.

మర్నాడే గుండిగ వాళ్ల పేటకు చేర్పించాను. వాళ్లే వండుకున్నారు, ఆవిడా తింది, నెల తిరిగేసరికి బిడ్డ తేరుకుంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండును. నాట్లప్పుడు వాళ్లంతా మా గుమ్మం ముందు నిలబడి కూలి అడిగితే, మామగారు ఒప్పుకోక పొరుగూరి కూలీలను పిలిపించారు. తలుపు వెనక నేనున్నాను. మనం ఇవ్వవలసిన కూలి ఇస్తే ఈ గుప్పెళ్లు ఎత్తుకునే పనే ఉండదని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయింది.

తర్వాత చౌక బియ్యం వచ్చింది, నాట్లకు యంత్రాలూ వచ్చాయి, ఇప్పుడు మా ఊళ్లో పస్తులుండేవాళ్లు కనిపించరు, సంతోషమే. కానీ ఆ రోజుల్లో అన్నం పెట్టిన తల్లి అని ఎవరైనా నన్ను పొగిడితే ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ఈ ఇంట్లో నా మాటకు ఎదురులేదు. ఆ రోజు ఆ మాట అనవలసింది ఆ బిడ్డ తల్లి కోసం, ఆవిడ ఇప్పుడు ఎక్కడుందో కూడా నాకు తెలియదు.