ఉమ్ ఫ్లైహాన్ ముట్టని కాఫీ

ఉమ్ ఫ్లైహాన్ ఒక రంజాను నుంచి మరుసటి రంజాను దాకా ఒకే ఒక్క కాఫీ కప్పు ముందు కదలకుండా కూర్చుంది. ఆ కప్పులో పిచ్చుక గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను వెంటబెట్టుకుని ఎగిరిపోయినా ఆమె రెప్ప వాల్చలేదు.

మా కాఫీ కప్పు గుప్పెట్లో ఇమిడిపోతుంది, అందులో పిచ్చుక ఎలా పట్టిందని అడుగుతారు. సరే, పిచ్చుకను వెనక్కి తీసుకుంటున్నాను. రంజాను సంగతి కూడా కాస్త సాగదీశాను. చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికి మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఈ వయసులో నా మోకాళ్ళకు అంత ఓపిక లేదు. ఆమె కూర్చున్నది శుక్రవారం నమాజు అయినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా. కానీ కూర్చోవటం నిజం. కప్పు ముట్టకపోవటం అంతకన్నా నిజం.

కరక్ పట్నం ఉన్న కొండకు దిగువన మా ఊరు. పై వీధి మలుపులో ఆమె రొట్టెల పొయ్యి. రాళ్ళ క్వారీలో లారీ నడిపే మొగుడు పోయేముందు తన చేతులతో కట్టి ఇచ్చిన పొయ్యి అది. ఆమెకు ఎవరి మీదైనా కోపం వస్తే వాళ్ళ పేరు చెప్పి మరీ పిండిని బల్లకేసి కొడుతుంది. ఆ రొట్టెలే మెత్తగా వస్తాయి. మున్సిపాలిటీ వాళ్ళు నీళ్ళు ఆపిన వారం తిన్నంత మెత్తని రొట్టె మా ఊరు మరెన్నడూ తినలేదు.

ఆ రోజుల్లో పెళ్ళికి తుపాకీ, పంచాయితీకి కత్తి అన్నట్టుండేది మా ఊరు. దాంతో పెద్దలంతా కలిసి హింసా వ్యతిరేక ఐక్య సంఘం పెట్టారు. అధ్యక్షుడు సత్తామ్ బేక్; బేక్ అంటే మా దగ్గర దొరగారు అన్నట్టు. ఎప్పుడో ప్రభుత్వంలో ఏదో పదవి చేసి దిగినవాడు. ఏ పదవో ఎవరికీ తెలియదు గాని ఉపన్యాసం మాత్రం దిగలేదు. ఉపాధ్యక్షుడు అబూ మిస్కాల్, గొర్రెల మందలున్న ఆసామి. ఊరేగింపు తీశారు. "హింస వద్దు, మనమంతా ఒక్కటే" అని పెద్ద బ్యానరు. దాని ఒక కర్ర పట్టుకున్నవాడు ఉమ్ ఫ్లైహాన్ కొడుకు ఫ్లైహాన్. మా దగ్గర తల్లిని కొడుకు పేరుతోనే పిలుస్తారు, ఉమ్ అంటే అమ్మ.

ఫోటోగ్రాఫరు వచ్చేదాకా అందరూ ఒక్కటిగానే ఉన్నారు. అప్పుడు అబూ మిస్కాల్ కొడుకు జద్‌ఆన్ ఫ్లైహాన్‌ను మోచేత్తో నెట్టాడు.

"పక్కకు జరగరా. బేక్ గారి పక్కన ఉపాధ్యక్షుడి కొడుకు ఉండాలి."

"బ్యానరు వదిలి ఎక్కడికి జరగను?"

"పోయి మీ అమ్మ పొయ్యిలో బూడిద ఎత్తుకో పో."

ఫ్లైహాన్ బ్యానరు వదల్లేదు. బ్యానరుతో సహా కర్ర ఎత్తి జద్‌ఆన్ నెత్తిన వేశాడు. "మనమంతా ఒక్కటే" అన్న చోట రక్తం పడింది. ఫోటో మాత్రం బాగా వచ్చిందన్నారు.

జద్‌ఆన్ బతికి బయటపడ్డాడు, తల మీద కుట్లతో. కానీ రక్తం చిందితే మా దగ్గర ఒక పద్ధతుంది. రాజీ కుదరకపోతే కొట్టినవాడి ఇంటివాళ్ళు ఊరు వదిలి పోవాలి. పెద్దలు బతిమాలితే అబూ మిస్కాల్ శుక్రవారం రాత్రి దాకా గడువిచ్చాడు. ఫ్లైహాన్‌ను కరక్‌లో మేనమామ ఇంట్లో దాచారు. మిగిలింది ఉమ్ ఫ్లైహాన్, ఆమె పొయ్యి. మనిషి మూట కట్టుకుని వెళ్ళగలదు. పొయ్యిని ఎవరు మోస్తారు?

గురువారం పెద్దలు అంగీలు దులుపుకుని, కార్లు బారులు తీసి రాజీకి వెళ్ళారు. అబూ మిస్కాల్ కాఫీ పోయించాడు. అడగవచ్చినవాళ్ళ పెద్ద ఆ కప్పు అందుకుని, తాగకుండా నేల మీద పెట్టాలి. "మా మాట చెల్లేదాకా నీ కాఫీ ముట్టం" అన్నట్టు. ఇంటాయన "తాగండి, మీరు వచ్చిన పని అయింది" అంటేనే తాగాలి. పాలు మరిచిన ప్రతి పిల్లాడికీ మా ఊళ్ళో ఈ సంగతి తెలుసు.

బేక్ కప్పు దర్జాగా నేల మీద పెట్టాడు. ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఆదాము దగ్గర మొదలుపెట్టి ఆయన కొడుకు హాబీలు హత్య మీదుగా సాగి, జరిగినదానికి సైతానుదే బాధ్యత అన్నాడు, తర్వాత విదేశీ శక్తులది అన్నాడు, సెల్‌ఫోన్లది అన్నాడు. గొంతు ఎండింది. చెయ్యి తనంతట తాను కిందికి వెళ్ళింది. కప్పు పైకి లేచింది. "కాబట్టి సోదరులారా" అంటూ గటుక్కున తాగేశాడు.

పెద్దలంతా ఒక్కసారే ఆ ఖాళీ కప్పు వంక చూశారు.

అబూ మిస్కాల్ లేచి నిలబడ్డాడు. "ఆరోగ్యం కలగాలి, బేక్ గారూ! కాఫీ తాగేశారంటే అడగటానికేమీ లేదన్నమాట. వచ్చి చూసి వెళ్ళినందుకు సంతోషం."

తిరుగు దారిలో బేక్ చెయ్యి ఎవరు పట్టుకోవాల్సిందన్న దాని మీద రెండు కార్ల వాళ్ళు దిగి కాలర్లు పట్టుకున్నారు. చర్చలు సోదర వాతావరణంలో జరిగాయని సంఘం ప్రకటన ఇచ్చింది.

కబురు పొయ్యి దగ్గరికి చేరింది. ఉమ్ ఫ్లైహాన్ ఆ పూట బేక్ పేరు మీద కొట్టిన పిండికి బల్ల కాలు విరిగింది.

మర్నాడు నమాజు కాగానే, ఒంటి మీద పిండితోనే అబూ మిస్కాల్ గుమ్మం ఎక్కింది. ఆడవాళ్ళ వైపు నుంచి కాదు, మగవాళ్ళు కూర్చునే పెద్ద గదిలోకి. నిన్న బేక్ కూర్చున్న దిండు మీదే చతికిలబడింది.

గడప దాటిన మనిషికి కాఫీ పోయకపోతే అబూ మిస్కాల్ తాతల పరువు పోతుంది. పోశాడు. ఆమె కప్పు నేల మీద పెట్టింది.

"ఇదేంటమ్మా? ఇది మగాళ్ళ పని."

"మగాళ్ళు వచ్చారుగా అన్నా, నిన్న. తాగి పోయారు."

"నువ్వు తాగవా?"

"తాగను."

"అయితే కూర్చో. నాకేం, గది పెద్దది."

కూర్చుంది. వచ్చినవాళ్ళ కప్పు నిండుగా ఉండగా ఇంటాయన తన కప్పు ముట్టుకోవటం మా దగ్గర సిగ్గు. అబూ మిస్కాల్ ఊపిరికీ ఊపిరికీ మధ్య కాఫీ తాగే మనిషి. మొదట గడ్డం గోక్కున్నాడు. తర్వాత కణతలు నొక్కుకున్నాడు. పలకరించటానికి వచ్చిన వాళ్ళంతా ఖాళీ చేతులతో గోడకానుకుని ఆ కప్పు వంకే చూస్తున్నారు. లోపలి నుంచి ఆయన భార్య కేక వేసింది.

"ఏమయ్యా, ఇంకెంతసేపు? నీ తలనొప్పి నా మీద పడితే ఊరుకోను. ఈమె దగ్గర కొనటం మానేసి బజారు రొట్టె నమిలి నమిలి నా దవడలు పోయాయి, అది కూడా నీ పరువు కోసమే!"

"నోర్ముయ్యవే!" అని ఆయన ఉమ్ ఫ్లైహాన్ వైపు తిరిగాడు. "నా బిడ్డ రక్తం కారింది. దానికేమంటావు? నువ్వు కూడా సైతాను పనే అంటావా?"

"సైతానుకు మా వీధి కూడా తెలియదన్నా. నా కొడుకే కొట్టాడు. నా చేతుల్లో పెరిగిన వెధవే. నీ వాడు మాట తూలాడు, నా వాడు కర్ర ఎత్తాడు. మాటకు కుట్లు పడవు, కర్రకు పడతాయి. తప్పు నా వాడిదే."

అబూ మిస్కాల్ కణతల మీది చేతులు దించాడు. అన్ని కార్లలో వచ్చిన అంతమంది పెద్దల్లో ఒక్కరి నోటా రాని మాట అది.

"ఈ ముక్క నిన్న ఒక్కడు అని ఉంటే..." అని గొణిగాడు.

"అంటే వాళ్ళ ఉపన్యాసం అక్కడే అయిపోయేదిగా అన్నా."

గోడ పక్కన తలకు కట్టుతో జద్‌ఆన్ నవ్వాపుకోలేక కుట్లు పట్టుకున్నాడు. "అబ్బా, పెద్దమ్మా, నవ్వించకు, లాగుతోంది!"

"నీకూ ఉందిరా. పొయ్యిలో బూడిద ఎత్తటానికి రేపు నువ్వే వస్తావు. ఫ్లైహాన్ చాట పట్టుకుంటాడు."

బయట దీపాలు పెడుతున్నారు. అబూ మిస్కాల్ చల్లారిన కప్పు తీసి పారబోయించి, వేడి కాఫీ తన చేత్తో పోసి ఇచ్చాడు. "తాగు చెల్లెమ్మా. నువ్వు వచ్చిన పని అయింది. పొయ్యి ఆర్పకు."

తర్వాత గొంతు తగ్గించి, "కాకపోతే ఇది సంఘం ద్వారా జరిగినట్టుండాలి" అన్నాడు.

జరిగింది. శనివారం మళ్ళీ కార్లు, అంగీలు, ఆదాము, హాబీలు. ఈసారి బేక్ చేతికి ముందు జాగ్రత్తగా ఖాళీ కప్పు ఇచ్చారు. ఆయన దాన్నీ ఒకసారి ఎత్తబోయాడు. బేక్ వివేకం వల్ల ఊరికి శాంతి వచ్చిందని పేపర్లో పడింది. ఆ ముక్క కత్తిరించి, అద్దం కట్టించి ఆయన గోడకు తగిలించుకున్నాడు.

ఇదంతా రాసి, పొయ్యి దగ్గర నిలబడి ఉమ్ ఫ్లైహాన్‌కు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆమె రొట్టె తిప్పుతూనే వింది.

"అంతా అబద్ధం తాతా. నేను ఆ ఇంటికే పోలేదు. పోయినా కూర్చోలేదు. నాకసలు కాఫీ పడదు, కడుపులో మంట. పెద్దమనుషులు వెళ్ళారు, బేక్ గారు మాట్లాడారు, రాజీ అయింది. పేపర్లో ఉంది కదా, చదువుకున్నవాడివి, చూసుకో. ఇంకోసారి ఇలాంటివి రాసి మా మగాళ్ళ మధ్య మళ్ళీ చిచ్చు పెట్టకు. జరుగు, వెనక జనం ఉన్నారు."