ఓడకి అదనపు కిటికీ

మా బావమరిదికి ఉన్న జబ్బు ఒక్కటే: ఎక్కడో తప్పు దొర్లిందేమోనన్న బెంగ. బకెట్లో నీళ్ళు కదిలినా కళ్ళు తిరిగే ఈ మనిషిని మేమంతా అడ్మిరల్ అంటాం. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు పూసి, బుల్లి యుద్ధనౌకలూ విమానాలూ తయారుచేస్తాడు. భోజనాల బల్ల నౌకాదళం అధీనంలో ఉంది కనుక ఆ ఇంటికి వెళ్తే వంటింట్లో నిలబడి తినాల్సిందే.

ఎండాకాలమైనా అక్కడ ఫ్యాను తిరగదు. "ఊపిరి కాస్త మెల్లిగా, బావగారూ!" అంటాడు గుమ్మంలోనే. ఒకసారి నేను తుమ్మితే విమానదళమంతా గాల్లోకి లేచింది. ఒక బాంబర్ మా ఆవిడ కాఫీ కప్పులో దిగింది.

"అక్కా, మింగకు! చక్రం కనబడ్డం లేదు!"

ఈసారి ఎదురింటి పెద్దాయన పనిచేసిన యుద్ధనౌకని కట్టాడు. బూడిదరంగు పిసరంత ముదిరిందని గీకి పూశాడు, పూసి గీకాడు. పెద్దాయన ఆ ఓడలో వంటవాడు. "గరిటె తిప్పుతూ కిటికీలోంచి సముద్రం చూసేవాణ్ణి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

"యుద్ధనౌకలో వంటగదికి కిటికీ ఏంటి మామయ్యా, కోతలు కాకపోతే!" అని కోడలు నవ్వేది. ఆయన చిన్నబుచ్చుకునేవాడు.

బుల్లి ఓడల పోటీ ప్రదర్శన రోజు వచ్చింది. మొదటి బహుమతి కోసం అడ్మిరల్ ఏళ్ళ తరబడి కలలు కంటున్నాడు. జడ్జి భూతద్దంతో ఒక్కో బల్లా దాటుకుంటూ వస్తుంటే, కాన్వెంటులో సిస్టర్ బెత్తం పట్టుకుని వచ్చినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు. అసలు ఓడ ఫోటో పక్కన పెట్టి చూద్దును కదా, వెనకవైపు సూదిమొనంత గుండ్రటి కిటికీ ఒకటి ఎక్కువ!

"ఒరేయ్, కొంప మునిగింది! ఇక్కడో కిటికీ..."

"ష్! నేనే పెట్టాను, బావగారూ."

"నువ్వా? పూడ్చెయ్, త్వరగా!"

వాడు చెమట తుడుచుకుంటూ గుమ్మం వైపు చూశాడు. ఇస్త్రీ చొక్కాలో పెద్దాయన, వెనకాలే కోడలు. వాళ్ళూ జడ్జీ ఒకేసారి ఓడ దగ్గరికి చేరారు.

"ఈ కిటికీ ఫోటోలో లేదే?" అన్నాడు జడ్జి.

అడ్మిరల్ పెద్దాయన పక్కకి జరిగి జడ్జికి జవాబిచ్చాడు.

"ఫోటోలో పడలేదండీ. కిటికీ ఉండేది."

"ఆధారం?"

"ఈయన అక్కడే వంట చేశారు."

జడ్జి తన కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి పక్క బల్లకి వెళ్ళిపోయాడు. బహుమతి గోవిందా. కోడలు మాత్రం ఒంగి, కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"నిజంగానే ఉందే, మామయ్యా! నేనే అనవసరంగా..."

పెద్దాయన ఛాతీ పొంగింది. "మరేమనుకున్నావ్? దానికి తెర కూడా ఉండేది."

అడ్మిరల్ కంగారుగా జేబులోంచి కుంచె తీశాడు.

"ఏ రంగండీ?"