నాన్న గొట్టం ఊదిన రోజు

తమ్ముడికి సంబంధం ఖాయం చేసుకోవడానికి జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి బయల్దేరాం. కారు నాన్న నడుపుతున్నాడు. పక్కన అమ్మ, వెనక తమ్ముడూ నేనూ. నాన్నకు ముందురోజు నుంచీ దవడ పన్ను సలుపుతోంది. ఎవరో చెబితే తెచ్చుకున్న హోమియో మందులో దూది ముంచి, పంటి కింద పెట్టుకుని, ఆ మూతితోనే హుషారుగా కబుర్లు చెబుతున్నాడు.

హైవే మీద పోలీసులు బండ్లు ఆపుతున్నారు. కానిస్టేబుల్ చేతిలోని యంత్రానికి కొత్త గొట్టం తొడిగి ఊదమన్నాడు. నాన్న ఊదాడు. యంత్రం కీచుమంది.

“తాగిన్రు గద సార్?”

“నేనా? పుట్టినకాడికెల్లి చుక్క ముట్టలే!” అన్నాడు నాన్న.

అమ్మ కారు దిగి వచ్చింది. “పొద్దటిసంది నా కండ్ల ముందల్నే ఉన్నవ్. ఎప్పుడు తాగినవ్?”

సరిగ్గా అప్పుడే మాకు దారి చూపించడానికి ఎదురొచ్చిన అమ్మాయి తండ్రి మోటార్ సైకిల్ పక్కనే ఆగింది. నాన్న తల దించుకున్నాడు. తమ్ముడు సీట్లోనే కిందికి జారాడు.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అయినా అప్పటికి గానీ నాకు తట్టలేదు.

“నాయినా, నోట్ల దూది తియ్! ఆ మందు కలిపేదే ఆల్కహాల్‌ల.”

కానిస్టేబుల్ దూది వాసన చూసి నవ్వాడు. “నోరు పుక్కిలించి జరసేపు కూసోండ్రి. మల్ల చూద్దాం.”

అమ్మాయి తండ్రే నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. ఓ పావుగంట తర్వాత నాన్న మళ్లీ ఊదాడు. సున్నా! అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. నాన్న మాత్రం ఇంకా తలెత్తలేదు. అది చూసి అమ్మాయి తండ్రి ముందుకొచ్చాడు.

“సార్, నాది గూడ చూడుండ్రి. మా బావ ఒక్కడే ఊదిండని రేపు ఎవ్వలూ అనొద్దు.”

ఆయనకూ సున్నానే వచ్చింది. నాన్న దవడ పట్టుకుని మరీ నవ్వాడు.

ఊరు చేరి మేం చెప్పులు విప్పేలోపే అమ్మాయి తండ్రి ఈ కథ ఇంటిల్లిపాదికీ చెప్పేశాడు. సాయంత్రం తాంబూలాలు మార్చుకున్నాం. అమ్మాయి నన్ను వంటింట్లోకి పిలిచి, “వదినా, తాగింది ఆ మిషిన్‌కు ఎట్ల ఎర్కైతది?” అని అడిగింది.

తాగినవాళ్ల నెత్తురులోని ఆల్కహాల్ ఊపిరితో బయటికొస్తుందని చెప్పాను. యంత్రం లోపల ప్లాటినం పూసిన చిన్న పలక ఉంటుంది. ఆ ఆవిరి దానికి తగలగానే రసాయన మార్పు జరిగి కొద్దిగా కరెంటు పుడుతుంది. ఆవిరి ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ. ఆ కరెంటును కొలిచి యంత్రం అంకె చూపిస్తుంది.

“అంటే తాగిందా, పంటికి పెట్టిందా దానికి తెల్వది!” అంది అమ్మాయి.

నేను సరిగ్గా అదే చెప్పబోతున్నాను. తలుపు అవతల తచ్చాడుతున్న తమ్ముడి వైపు చూసి, బుర్ర ఉన్న పిల్లే దొరికిందిరా అన్నట్టు కళ్లెగరేశాను.