స్తంభాల దొర, ఉత్తుత్తి తలుపు

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. వీసా పోతుందేమోనని ఒకటి, వీసా ఉండి కూడా ఇలాగే బతకాలేమోనని రెండోది. శాంటా క్లారాలో కోడింగ్ చేసుకునే స్నేహితులు కొత్త కార్ల ఫోటోలు పంపుతుంటే, నేను న్యూజెర్సీ పిస్కాటవేలో ఒక ముసలి ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ దగ్గర స్తంభాలు గీస్తూ కూర్చున్నాను. ఊరంతా అద్దాల డబ్బాలు కడుతున్న కాలంలో ఈయన లండన్ నుంచి దిగి, పాత రోమన్ గుళ్ల పద్ధతిలో తప్ప గీయనని భీష్మించాడట. రెండు వందల ఏళ్లు ముందు పుట్టుంటే రాజుగారు పిలిచి కోట కట్టమనేవారు. మన కాలంలో పుట్టాడు కాబట్టి ఒక బ్యాంకు, ఒక లైబ్రరీ వసారా, శవాలను సాగనంపే భవనాలు రెండు దక్కాయి. (చచ్చినవాళ్లు ప్లాన్‌లో మార్పులడగరు, వాళ్లే నా మంచి క్లయింట్లు అనేవాడు.) బ్యాంకును పడగొట్టి కార్‌వాష్ పెట్టారు. అప్పట్నుంచీ ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి డ్రైవ్ చేసేవాడు. ఆయనకి నేను పెట్టిన పేరు స్తంభాల దొర. చివరికి ఆఫీసులో మిగిలింది ఆయనా, నేనూ, దగ్గుతూ పనిచేసే ఒక ప్రింటరూ.

అలాంటప్పుడు ఎడిసన్ నుంచి ఒక తెలుగు డాక్టరమ్మ వచ్చి, "వైట్‌హౌస్‌లాంటి ఇల్లు కావాలండీ" అంది. దొర కళ్లు చెమర్చాయి. ఇదే నా ఆఖరి ఇల్లు, ఇది జారిపోతే ఆఫీసు మూసేస్తానన్నాడు. ఆఫీసు మూస్తే నా వీసాకీ మూతే. తూర్పు ముఖం, ముందు నాలుగు స్తంభాలు, నట్టనడుమ తలుపు, ఎడమ ఎలాగో కుడీ అలాగే. ప్రాణం పెట్టి గీశాడు. డాక్టరమ్మ తెనాలి నుంచి వచ్చిన అత్తగారిని తీసుకొచ్చి చూపించింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "ఏం బాబూ, ఇది ఇల్లా, కోర్టా?" అంది. ఏమంటున్నారని దొర అడిగాడు. చాలా గంభీరంగా ఉందంటున్నారని చెప్పాను. "నడిమధ్యన గుమ్మమేంటయ్యా? ఈశాన్యం వైపు జరగాలి. మీ ముసలాయనకి ఆ మాత్రం తెలీదా?" దీన్ని ఎంత తిప్పినా పొగడ్తగా మార్చలేకపోయాను.

గుమ్మం కాస్త కుడికి జరిపితే సరిగ్గా ఒక స్తంభం ఎదురొచ్చింది. "అమ్మో, స్తంభ వేధ! ఇంటాయనకి మనశ్శాంతి ఉండదు" అంది అత్తగారు. "ఇప్పుడు మాత్రం ఎక్కడుంది?" అని డాక్టరమ్మ గొణిగింది. స్తంభాన్ని జరిపితే ఇల్లు పన్నూడిన నవ్వులా తయారైంది. దొర పెన్సిల్ కింద పెట్టేశాడు. "జీవితమంతా తలుపు మధ్యలోనే పెట్టానయ్యా" అన్నాడు. (ఇంగ్లీషులో ఇంకా దీనంగా ఉంది.) ఆ వారమంతా టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను సూట్‌కేస్ చక్రాలకి నూనె పెట్టుకున్నాను.

ఒక ఉదయం వెళ్లేసరికి కొత్త బొమ్మ సిద్ధంగా ఉంది. గుమ్మం పూర్తిగా కుడివైపు చివరి స్తంభాల మధ్యకి వెళ్లింది. మధ్యలో పెద్ద కిటికీ. ఎడమవైపు చివర అచ్చం అలాంటిదే ఇంకో తలుపు, కానీ తెరుచుకోదు, వెనక గోడే. మా పాతకాలపు ఆర్కిటెక్టులు ఇలాగే చేసేవారన్నాడు. రెండు తలుపుల పిడులూ నాచేత గీయించి, "ఏది ఉత్తుత్తిదో గీసినవాడికి కూడా గుర్తుండకూడదు" అని హెచ్చరించాడు. అత్తగారు ఆ రెండో తలుపు మీద వేలు పెట్టింది. "తెరుచుకోని తలుపుకి వాస్తేంటి, గోడమీద బొమ్మ. కానీయండి. ముసలాయన గట్టివాడే!" ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. దొర చెవులదాకా ఎర్రబడ్డాడు.

ఇల్లు లేచింది. ఆ తర్వాత ఆయన్ని వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. ఆఫీసు మూశాడు, నేను ఇంకోచోట చేరాను. కొన్నాళ్లకి ఆయన కట్టిన భవనంలోంచే ఆయన్నీ సాగనంపాం. అక్కడ తలుపు నట్టనడుమే ఉంది. నేనిప్పుడు కిటికీల్లేని గోడౌన్లు గీస్తున్నాను, తలుపెక్కడున్నా ఎవరూ అడగరు.

మొన్న డాక్టరమ్మ వ్రతానికి పిలిస్తే, వానలో స్వీట్ డబ్బా పట్టుకుని మెట్లెక్కి తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు. పిడి లాగాను. కదల్లేదు. అటు చివర్నుంచి వాళ్లమ్మాయి తల బయటపెట్టి, "అంకుల్, రాంగ్ డోర్! అది వాల్. అందరూ అక్కడే నాక్ చేస్తారు" అని నవ్వింది. ఆ పిడి గీసింది నేనేనని చెప్పబోయి ఊరుకున్నాను. నమ్మదు. (నేను చెప్పేవి ఎవరూ నమ్మరు లెండి.) ఆ పిల్ల లోపలికి తిరగ్గానే, తడిచేత్తో దాన్ని ఇంకొక్కసారి లాగి చూశాను.