శనిగ్రహం చుట్టూ ఉన్న అంచు

మొన్న సిద్దిపేటలో కళ్ళ డాక్టరు నా ఒక కన్ను మూయించి, ఎదుటి అక్షరాలు కనిపిస్తున్నాయా అని అడిగితే సరిగా చూడకుండానే కనిపిస్తున్నాయని అనేశాను. ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టడమెందుకని మన వయసువాళ్ళం అలా అనేస్తాం కదా, మీరూ అనే ఉంటారు. ఆ మాట అనగానే మా మేనమామ గుర్తొచ్చి, ఆ కుర్చీలోనే నాకు ఏడుపు ఆగలేదు.

చిన్నకోడూరు బడిలో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో నేను ఒక టెలిస్కోపు సంపాదించి, దాన్ని పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, కండక్టరు అదేదో పైపనుకుని లగేజీ టికెట్టు కొట్టినా కిమ్మనకుండా, సెలవురోజుల్లో జనానికి ఆకాశం చూపిస్తూ ఊరూరా తిరిగేదాన్ని. పొద్దుగూకగానే కరెంటు పోయేది. ఆ కోతలకు సంతోషించిన మనిషిని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఒక్కొక్కరూ నేను పది అంకెలు లెక్కపెట్టేదాకా చూడాలి, తరువాత జరగాలి, అయినవాళ్ళకైనా కానివాళ్ళకైనా అదే పద్ధతి. ఆ పద్ధతి అంటే నాకు చెడ్డ గర్వం.

మామ దుబ్బాకలో మగ్గం మీద చీరలు నేసేవాడు. చిన్నప్పటి నుంచి పోగులు చూసి చూసి ఆయన చూపు తరిగిపోయింది, ఇక ఎన్నాళ్ళో ఉండదని దవాఖానలో చెప్పేశారు. శనిగ్రహాన్ని చూపిస్తాను, చీరకు అంచులాగా దాని చుట్టూ వలయం ఉంటుంది అని నేనంటే వాడకట్టంతా జంకింది. మామ మాత్రం, "శని నన్ను ఇన్నేండ్ల సంది చూస్తనే ఉన్నడు బిడ్డా, ఒక్కసారి నేను గూడ వాన్ని చూస్త" అని ముందుకొచ్చాడు. ఆయన ధైర్యం చూసే మిగతావాళ్ళు వెనక వరుస కట్టారు.

ఆయన స్టూలు తడుముకుని కూర్చుని, అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, కన్ను ఆనించేసరికి చాలాసేపయింది. నేను పది లెక్కపెట్టాను. "కనబడ్డది బిడ్డా, మంచిగ కనబడ్డది" అంటూ లేచాడు. తరువాతివాళ్ళ కోసం వంగి చూస్తే లోపల ఉత్త చీకటి. భూమి తిరుగుతుంది కనుక గొట్టాన్ని కాస్త కాస్త జరుపుతూ ఉండాలి, లేకపోతే గ్రహం తప్పుకుంటుంది; పిల్లలకు రోజూ చెప్పే నేనే జరపలేదు. మామా, మళ్ళీ కూర్చో అనాల్సింది. సొంత మామకు రెండుసార్లా అని ఎవరైనా అంటారని నోరు మూసుకున్నాను, ఇంకోసారి చూపిద్దాంలే అనుకున్నాను.

ఆ ఇంకోసారికి వానలు అడ్డొచ్చాయి, అవి వెలిసేసరికి మామకు పగలూ చీకటే అయింది. పిచ్చిదానిలా హైదరాబాదు దాకా డాక్టర్ల చుట్టూ తిప్పాను, ఎవరో చెబితే ఆకుపసరు కూడా పోయించాను, సైన్సు టీచర్ని. ఏదీ పనిచేయలేదు. ఆయన మాత్రం శనిని చూశానని, చుట్టూ అంచు ఉందని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు, నేను చెప్పిన మాటలే. పోయే ముందు వారం, ఇంట్లోవాళ్ళు వినకుండా గొంతు తగ్గించి నన్నడిగాడు.

"బిడ్డా, గా అంచు ఏం రంగు?"

లేత పసుపు అన్నాను. తల ఊపాడు. ఆ సంగతి ఇక మేమిద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు టెలిస్కోపులు గ్రహం వెంట వాటంతట అవే తిరుగుతాయట, ఫోనులో బొమ్మ కూడా చూపిస్తాయట. మంచిదే, ఇంకెవరికీ నాలా తప్పు జరగదు. నాకూ ఇప్పుడు రోజంతా తీరికే. ఎంతసేపైనా కూర్చోబెట్టి చూపిద్దామంటే మామ లేడు.